చెయ్యని దొంగతనానికి క్షమాపణ

మా పిన్ని తన జీవితంలో ఒక్క దొంగతనం కూడా చెయ్యలేదు. అయినా దొంగతనానికి క్షమాపణ మాత్రం పొందింది. అదీ చాటుగా కాదు. మైకులో చెప్పారు, పత్రికలో అచ్చేశారు, పిల్లలకు పాఠంగా చదివి వినిపించారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకని ఇదంతా నిదానంగా చెబుతానని మాటివ్వలేను.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. పెళ్లయిన మూడేళ్లకే బాబాయి పోయాడు. అప్పట్నుంచీ మా ఇంట్లోనే, వెనక వరండా పక్క గదిలో ఉండేది. ఆ గదిలో ఒక మంచం, ఒక ఇస్త్రీ బల్ల, బొగ్గులు వేసే ఇస్త్రీ పెట్టె, గోడ నుంచి గోడకు కట్టిన తాడు. చర్చిలో పూజకు వాడే గుడ్డలన్నీ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి అందించడం ఆమె పని. అందుకే అందరూ ఆమెను బట్టలమ్మ అనేవారు. పిన్నికి ఆ పేరు నచ్చేది. నాకు నచ్చేది కాదు, కానీ నన్నెవరడిగారు.

ఆ పనిలో ఆమె చాదస్తం అంతా ఇంతా కాదు. బలిపీఠం మీద దేవుడి శరీరమని నమ్మే అప్పం పెట్టే చదరపు గుడ్డను అటు మూడు మడతలు, ఇటు మూడు మడతలు వెయ్యాలి. విప్పితే తొమ్మిది గళ్లు సరిసమానంగా కనిపించాలి. ఒక్క గీత వంకరపోయినా మళ్లీ తడిపి మొదటినుంచీ మొదలుపెట్టేది.

"ఎవరు చూస్తారు పిన్నీ?" అంటే, "నేను చూస్తున్నానుగా" అనేది.

ఈ గుడ్డల విషయంలో ఒక కట్టుబాటు ఉంది. ద్రాక్షారసం పాత్ర తుడిచిన గుడ్డల్ని, అప్పం పెట్టిన గుడ్డల్ని మామూలు మనిషి నేరుగా ఉతకకూడదు. వాటికి అంటుకున్న పొడీ చుక్కా దేవుడివి. కాబట్టి మొదటి తడుపు ఫాదరే స్వయంగా తడపాలి. ఆ నీళ్లు కాలవలో కాకుండా, ఎవరూ తొక్కని మట్టిలో పొయ్యాలి. ఆ తర్వాతే గుడ్డలు ఉతికేవాళ్ల చేతికి రావాలి. పిన్నికి ఇది ప్రాణంతో సమానమైన నియమం.

ఇక మా ఫాదర్. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడిచే మనిషి. కళ్లజోడు ఒక నల్లదారంతో మెడకు వేలాడేది. వెనకాల అందరూ ఆయన్ను డిటెక్టివ్ ఫాదర్ అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవారు. ఆయన గదిలో బైబిలు వ్యాఖ్యానాల అర కింద ఇంకో అర ఉండేది. దాన్నిండా చిన్న చిన్న అపరాధ పరిశోధన కథల పుస్తకాలు, అన్నీ ఒకే రకానివి. వాటిల్లో దొంగను పట్టేది పోలీసులు కాదు, ఓ చర్చి గురువు. ఆయన వాటిని అట్టలు ఊడిపోయేదాకా చదివారు. చదివి చదివి తనే రాయడం మొదలుపెట్టారు. చర్చి మాసపత్రికలో నెలకొక కథ. ప్రతి కథలోనూ పోలీసులు తలలు పట్టుకుని కూర్చుంటారు, ఫాదర్ టీ తాగుతూ ఆలోచిస్తారు, చివర్లో దొంగ ఆయన కాళ్ల మీద పడి ఏడుస్తాడు, ఆయన క్షమించి పంపేస్తారు. మా వాళ్లు ఆ పేజీ ముందు చదివి తర్వాత మిగతా పత్రిక చదివేవారు.

నిజంగా కూడా ఆయన కొన్ని చిక్కులు విప్పారు, కాదనను. చర్చిలో కొవ్వొత్తులు మాయమవుతుంటే నేల మీద మైనపు పెళ్లలు చూసి, "ఈ దొంగకు నాలుగు కాళ్లు, ఒక తోక" అన్నారు. నేల పలకలు పీకితే నిజంగానే ఎలుకల గూడు. చర్చి సంఘం పెద్ద, రిటైరైన హెడ్మాస్టారు, ఎవరో తన మీద ఆకాశరామన్న ఉత్తరాలు రాస్తున్నారని వస్తే, రెండు రోజుల్లో రాసినవాణ్ణి పట్టుకుని ఇద్దరికీ రాజీ చేశారు. ఆనాటి నుంచి హెడ్మాస్టారు ఆయన మాటంటే చెవి కోసుకునేవారు. ఫాదర్ సిద్ధాంతం ఒకటే. మనిషి అలవాటు తప్పడు. ఎవరి అలవాటు తప్పిందో వాళ్ల దగ్గరే గుట్టు ఉంటుంది. ఈ ముక్క ఆయన ప్రసంగాల్లో కూడా చెప్పేవారు.

నాకు పన్నెండేళ్లప్పుడు వెండి బరిణె పోయింది.

అది అరచేతిలో ఇమిడే బరిణె. ప్రతి గురువారం ఫాదర్ మంచం పట్టినవాళ్ల ఇళ్లకు అప్పం తీసుకెళ్లేది అందులోనే. వచ్చాక దాన్ని చర్చి వెనక సామాన్ల గదిలో, గోడ అలమరలో పెట్టి తాళం వేస్తారు. తాళంచెవులు రెండు. ఒకటి ఫాదర్ దగ్గర, రెండోది పిన్ని దగ్గర, ఎందుకంటే ఇస్త్రీ చేసిన గుడ్డలు ఆమె శనివారం అదే అలమరలో సర్దుతుంది. ఒక గురువారం ఫాదర్ అలమర తెరిస్తే బరిణె లేదు.

పోలీసులకు చెబుదామని హెడ్మాస్టారు అన్నారట. ఫాదర్ వద్దన్నారు. ఎందుకు అంటారు? ఆయన రాసిన ఏ కథలోనూ పోలీసులు పనికొచ్చిన దాఖలా లేదు మరి. మూడు రోజులు ఆలోచించి, ఆదివారం పూజ అయ్యాక పిన్నిని ఆ సామాన్ల గదిలోకి పిలిపించారు. హెడ్మాస్టారు సాక్షిగా కుర్చీలో కూర్చున్నారు. అక్కడ ఏం జరిగిందో ముందు ఊరు చెప్పింది, హెడ్మాస్టారి నోటి పుణ్యమా అని. పిన్ని తర్వాత చెప్పింది. రెండింటికీ మాటల్లో తేడా లేదు.

"పోయిన గురువారం కాక అంతకుముందు గురువారం, వానలో నేను రోగుల ఇళ్లనుంచి వచ్చాను" అన్నారు ఫాదర్. "ఈ గదిలోకే వచ్చాను. బరిణె అలమరలో పెట్టాను. ఇదిగో, ఈ పళ్లెంలో గుడ్డలు తడిపాను. నీళ్లు వెనక మట్టిలో పోసి, గుడ్డలు నీ బుట్టలో వేశాను. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పని. ఆ తర్వాత ఈ అలమర తెరిచింది శనివారం నువ్వొక్కదానివే. అవునామ్మా?"

"అవును ఫాదర్."

"ప్రతి శనివారం పొద్దున పదింటికి గుడ్డలు తెస్తావు. ఆ శనివారం సాయంత్రం నాలుగింటికి తెచ్చావు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. ఆ రోజెందుకు చేశావు?"

పిన్ని ఆ పళ్లెం వైపు చూసింది.

"చెప్పమ్మా. ఒక్క కారణం చెప్పు చాలు."

పిన్ని దగ్గర కారణం ఉంది. నాకు తెలుసు, ఎందుకంటే నేను కళ్లతో చూశాను. ఫాదర్ గుడ్డలు తడపడం మానేసి అప్పటికి రెండేళ్లు. వేళ్ల కీళ్లు నొప్పులు పుట్టాయో, కథల మీద ధ్యాస ఎక్కువైందో, గురువారం రాగానే ఆ వారం పూజ గుడ్డలున్న సంచీ తన ఇంటి వరండా కుర్చీలో పడేసి నేరుగా రాతబల్ల దగ్గరికి పోయేవారు. బరిణె తర్వాతెప్పుడో అలమరకు చేరేది. పిన్ని వెళ్లి ఆ సంచీలోంచి గుడ్డలు తెచ్చుకునేది. ఎండిపోయిన ద్రాక్షారసం మరకలతో, ఒక్క చుక్క నీళ్లు కూడా తగలకుండా ఉండేవి. మొదటి వారం ఆమె వాటిని చూసి నిలువునా భయపడింది. తర్వాత ఒక నిర్ణయానికొచ్చి తనే మొదటి తడుపు తడిపి, ఆ నీళ్లు మా పెరటి గోడ మూలన ఎవరూ నడవని చోట పోసేది. పోసి దణ్ణం పెట్టుకునేది. ఆ వానవారం గుడ్డలు సంచీలోనే ముద్దయి, మరకలు బిగుసుకుపోయాయి. మూడుసార్లు తడిపినా వదల్లేదు. ఎండ లేదు. అందుకు నాలుగయింది.

ఫాదర్ అబద్ధం చెప్పలేదు. అదే నా కడుపు మంట. ముప్ఫై ఏళ్లు చేసిన పనిని ఆ గురువారం కూడా చేశాననే ఆయన నమ్మారు. అందరి అలవాట్లూ గమనించే మనిషి, తన అలవాటు తప్పిన సంగతే గమనించలేదు.

ఆ గదిలో పిన్ని ఇంకా మాట్లాడకుండా నిలబడితే, ఫాదర్ లేచి ఆమె తల మీద చెయ్యి పెట్టారు. "నేను నిన్నేమీ అడగను. ఎవరికీ అప్పగించను. నిన్ను క్షమించాను. బరిణె ఎప్పుడు తెచ్చిపెట్టాలనిపిస్తే అప్పుడు తెచ్చిపెట్టు" అన్నారు. హెడ్మాస్టారు కళ్లు తుడుచుకున్నారట. పిన్ని, "నేను తియ్యలేదు ఫాదర్" అంది. ఆయన చిరునవ్వు నవ్వి, "తాళంచెవి మాత్రం ఇచ్చి వెళ్లమ్మా" అన్నారు.

ఇంటికొచ్చాక నేను గోల పెట్టాను. "ఎందుకు చెప్పలేదు? ఆయన వస్తూనే ఆ గదిలోకి రాడని, సంచీ కుర్చీలో పడేస్తాడని ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పనే? హెడ్మాస్టారి ముందు ఫాదర్ తన పని తను చెయ్యట్లేదని చెప్పనా? ముట్టకూడని గుడ్డలు రెండేళ్లుగా నేను ముట్టుకుంటున్నానని చెప్పనా?"

"దొంగ అనిపించుకోవడం కంటే అది నయం కాదా?"

"దొంగతనం చెయ్యలేదు కాబట్టి అది దేవుడి దగ్గర నిలవదు. ఇది చేశాను. నిలుస్తుంది." అని, నా గడ్డం పట్టుకుని ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. నేను వేశాను. పన్నెండేళ్ల పిల్లకు ఒట్టంటే భయం. ఆ భయాన్ని నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఫాదర్ మైకు ముందుకొచ్చి, "మన బరిణె ఇంటికి తిరిగొచ్చింది. అలమరలో ఉంది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగొద్దు" అన్నారు. అడగొద్దన్నారు కాబట్టి ఎవరూ అడగలేదు. అందరూ తలలు తిప్పి మూడో వరసలో ఉన్న పిన్నిని చూశారు. కొందరు ఆడవాళ్లు జాలిగా తలలూపారు. నేను పిన్ని ముఖం చూశాను. ఆమె అందరికంటే ఎక్కువగా ఆశ్చర్యపోయి ఉంది. తాళంచెవి తన దగ్గర లేదు కదా, ఎవరు పెట్టి ఉంటారని ఆ రోజంతా ఆలోచించింది. ఆ తాళంచెవి మాట చర్చి మొత్తంలో ఒక్కరికీ తట్టలేదు. ఫాదర్ పరిష్కరించాక ఇక ఆలోచించడం ఎందుకనుకునే జనం.

ఆ మరుసటి నెల పత్రికలో కథ వచ్చింది. అందులో ఒక చాకలి వితంతువు, ఒక వెండి పాత్ర, ఒక తెలివైన ఫాదర్. ఆమె ఆయన పాదాల మీద పడి వెక్కివెక్కి ఏడుస్తుంది. మా పిన్ని ఆ గదిలో ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు. ఆదివారం బడిలో టీచరమ్మ ఆ కథ బిగ్గరగా చదివి, "దీనివల్ల మనకేం తెలిసింది?" అని నన్నే లేపి అడిగింది. నేను తెలీదన్నాను. బెంచీ ఎక్కి నిలబడమంది.

పిన్ని చర్చి పని మానలేదు. "మానేస్తే ఒప్పుకున్నట్టే కదే" అనేది. కానీ అప్పట్నుంచి గుడ్డలు ఆమె తెస్తే అలమరలో సర్దేది వేరొకరు. ఆమె పక్కన కూర్చున్న ఆడవాళ్లు చేతిసంచులు ఒళ్లోకి తీసుకునేవారు. అందరూ ఆమెతో మునుపటికంటే మెత్తగా మాట్లాడేవారు. ఆ మెత్తదనం చూస్తే నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించేది.

ఆరేళ్లకు ఒక మంచి అవకాశం వచ్చింది. పెద్దాసుపత్రిలో దుప్పట్లు, డాక్టర్ల కోట్లు ఉతికే విభాగానికి పెద్దగా ఒక మనిషి కావాలన్నారు. ఉండటానికి గది కూడా ఇస్తారు. పిన్ని చేతిపని చూసి వాళ్లు ఊ అన్నారు. ఫాదర్ దగ్గర్నుంచి నడవడిక ఉత్తరం ఒక్కటి తెమ్మన్నారు. ఫాదర్ సంతోషంగా రాసిచ్చారు. పిన్ని దాన్ని విప్పకుండా తీసుకెళ్లి ఇచ్చింది. వాళ్లు చదివి, ముఖాలు చూసుకుని, కబురు చేస్తామన్నారు. చెయ్యలేదు. ఉత్తరం తిరిగి ఇచ్చేశారు కాబట్టి నేను చదివాను. పని మీద ఆమె శ్రద్ధ గురించి అర పేజీ రాశారు. చివర, "ఈమె ఒకే ఒక్కసారి దారి తప్పింది. పశ్చాత్తాపపడి, తీసినది తిరిగి తెచ్చిపెట్టింది. అటువంటి మనిషిని నమ్మవచ్చునని నా అనుభవం" అని రాశారు. ఆయనకది మేలు చెయ్యడమే. అంత మేలు పగవాడికి కూడా వద్దు.

ఇంకో అయిదేళ్లకు ఫాదర్ మంచాన పడ్డారు. గుండె జబ్బు. అప్పటికి నేను ఉద్యోగం చేస్తున్నాను. ఒక మధ్యాహ్నం పిన్నికి కబురొచ్చింది. వెళ్లింది. గంట తర్వాత వచ్చి, ఇస్త్రీ బల్ల మీద చేతులు ఆనించి నిలబడి నాతో చెప్పింది.

"బరిణె ఆయన వానకోటులోనే ఉందటే. జేబుకు చిల్లు పడి, లోపలి గుడ్డలోంచి జారి అంచులో ఇరుక్కుందట. మళ్లీ వానలొచ్చి కోటు తీస్తే చేతికి తగిలిందట."

"అంటే మైకులో తిరిగొచ్చిందని చెప్పినప్పుడే తెలుసా?" అన్నాను.

"తెలుసు. కోటులోంచి తీసి ఆయనే అలమరలో పెట్టాడు. నా పేరు చెప్పలేదు కదా, అబద్ధం కాదు కదా అనుకున్నాడట. తర్వాత చెబుదాం, తర్వాత చెబుదాం అనుకుంటూ కథ రాసేశాడట. జనానికి కథ నచ్చేసరికి ఇక చెప్పలేకపోయాడట."

"మరి నువ్వేమన్నావు?"

"క్షమించమన్నాడు. ఆదివారం చర్చిలో అందరి ముందూ చెప్పమన్నాను. చెబుతానన్నాడు. దేవుడి మీద ఒట్టేశాడు. అందుకని క్షమించానని చెప్పాను."

"ముందే చెప్పేశావా?"

"చచ్చిపోయే మనిషితో బేరాలాడనా?" అంది. కానీ ఆమె కళ్లు మెరుస్తున్నాయి. పదకొండేళ్లలో ఆ మెరుపు నేను చూడలేదు. ఆ వారమంతా పిన్ని గుడ్డలు ఉతుకుతూ కూనిరాగాలు తీసింది. ఆదివారానికి తన మంచి చీర తీసి ఇస్త్రీ చేసుకుంది.

ఆ ఆదివారం ఫాదర్‌ను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. మైకు ఆయన ముఖం దగ్గర పెట్టారు. ఆయన గొంతు సన్నగా ఉంది, కానీ ప్రతి మాటా వినిపించింది. పాటలు పాడేవాళ్లకు కృతజ్ఞత చెప్పారు. హెడ్మాస్టారికి చెప్పారు. తన కథలు చదివినవాళ్లకు చెప్పారు. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఉంది, వేళ్లు నొప్పెట్టేంత గట్టిగా. ఆయన ఒక్కసారి మూడో వరస వైపు చూశారు. చూసి కళ్లు దించుకుని, "నా తప్పులేమైనా ఉంటే అందరూ మన్నించండి" అన్నారు. జనం ఏడ్చారు. నలుగురూ వచ్చి కుర్చీ ఎత్తుకుపోయారు.

"వచ్చే వారం చెబుతాడేమో" అంది పిన్ని, దారిలో.

గురువారం ఆయన పోయారు.

అంత్యక్రియల పూజకు చర్చి పట్టలేదు, జనం బయట ఎండలో కూడా నిలబడ్డారు. పెట్టె మీద కప్పిన తెల్లటి గుడ్డ పిన్ని ఇస్త్రీ చేసిందే. నేను వద్దని పోట్లాడాను, వినలేదు. హెడ్మాస్టారు మాట్లాడటానికి లేచారు. ఎలుకల కథ చెప్పి అందర్నీ నవ్వించారు. ఉత్తరాల కథ చెప్పారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆయన మనసు ఎంత గొప్పదో చెప్పాలంటే నాకు బరిణె సంగతి ఒక్కటి చాలు. ఆ రోజు ఆ గదిలో నేనున్నాను. ఎదుట దోషి ఉంది. చేతిలో రుజువుంది. ఆయన మాత్రం ఆమె తల మీద చెయ్యి పెట్టారు" అన్నారు.

పిన్ని లేచి నిలబడింది. నేను ఆపలేదు. ఆపే ఉద్దేశం కూడా లేదు.

"నేను తియ్యలేదు" అంది. "అది ఫాదర్ కోటులోనే ఉంది. ఆయనే అలమరలో పెట్టాడు. పోయే ముందు నాతో చెప్పాడు. నేను తియ్యలేదు."

నేనూ లేచాను. "నిజం. నాకూ తెలుసు. ఆయన గుడ్డలు కూడా తడిపేవాడు కాదు" అన్నాను. నా గొంతు నాకే అరుపులా వినిపించింది. వెనక నుంచి ఎవరో, "శవం ముందు ఏంటమ్మా ఇది" అన్నారు.

హెడ్మాస్టారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఆయన మైకు దగ్గర్నుంచి దిగి, వరసల మధ్య నడిచి మా దగ్గరికొచ్చారు. ఆయన కళ్లు నిజంగా తడిగా ఉన్నాయి. పిన్ని భుజం మీద చెయ్యి వేశారు.

"ఫాదర్ ఎప్పుడో క్షమించేశారమ్మా" అన్నారు ఎంతో మెల్లగా. "ఇంకా ఎందుకీ బాధ? కూర్చో తల్లీ."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. ముందు వరసలో ఒకామె వెనక్కి తిరిగి, మంచినీళ్ల సీసా పిన్ని చేతిలో పెట్టింది. పిన్ని ఆ సీసా పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, కూర్చుంది.